తిప్పేష్‌కు నచ్చని సినిమాలు

బెళుగుప్ప తిప్పేష్ ఇరవై ఏడేళ్ళు సినిమాలను పొగిడి బతికాడు. కళ్యాణదుర్గంలో ఒక టాకీసుకు అతను ప్రచారం మనిషి. ఆటోకు రెండు పక్కలా వాల్‌పోస్టర్లు కట్టి, పైన లౌడుస్పీకరు బిగించి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఏ బొమ్మ వచ్చినా అతని మైకులో అది కుటుంబ సమేతంగా చూసి తీరవలసిందే. పొద్దుటాటకు వచ్చిన జనం తిట్టుకుంటూ బయటికి పోవడం కళ్ళారా చూసి కూడా, మధ్యాహ్నానికి ఇంకో ఊళ్ళో 'అశేష ప్రేక్షకుల ఆదరణతో' అని గొంతు చించుకునేవాడు. ఆ బొమ్మ నీకెట్లుందని అతన్ని అడిగినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి సంగటి తినేటప్పుడు భార్య ఈశ్వరికి ఒక్కదానికే అసలు సంగతి చెప్పేవాడు. ఆమె విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ వినేది.

టాకీసు మూతపడి కల్యాణ మండపమైంది. ఆటో కొన్నాళ్ళు మనుషులను మోసింది. ఆ తర్వాత తిప్పేష్‌కు కాళ్ళు వాచాయి, అన్నం సయించలేదు. అనంతపురం పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ పోయాయన్నారు. నడుం నొప్పికని ఏళ్ళ తరబడి మింగిన మాత్రలు కొంత, ఎన్నడూ చూపించుకోని బీపీ కొంత. యాభై నాలుగేళ్ళకు అతని బతుకు మంగళ, గురు, శనివారాలుగా మిగిలింది. ఆ మూడు రోజులూ రెండు బస్సులు మారి అనంతపురం పోవడం, నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవడం, మళ్ళీ రెండు బస్సులు మారి ఇల్లు చేరడం. మిగిలిన రోజులు ఆ అలసట తీరడానికే సరిపోయేవి.

మిషన్ల గదిలో ఎనిమిది మంచాలు, గోడకు ఒక టీవీ. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే అందులో ఒక సినిమా అయిపోయి రెండోది సగానికి వచ్చేది. తిప్పేష్ పక్క మంచం పద్మజది. గుత్తి నుంచి వచ్చేది. ముప్పై ఏళ్ళుంటాయి, జాకెట్లు కుడుతుంది. పెళ్ళయిన మూడో ఏడు జబ్బు బయటపడితే మొగుడు పుట్టింట్లో దింపి మళ్ళీ రాలేదు. ఆమెకు సినిమాలంటే ప్రాణం. కొత్తగా ఏది వచ్చినా ఫోన్‌లో చూసేస్తుంది. తిప్పేష్ మైకు మనిషని తెలిశాక, టీవీలో బొమ్మ పేరు పడగానే ఇది బాగుంటుందా అన్నా అని అడగడం మొదలుపెట్టింది.

అలా అడిగిన మొదటి మనిషి ఆమె. ఇరవై ఏడేళ్ళు కడుపులో దాచుకున్నదంతా తిప్పేష్ ఆ మంచం మీద పడుకుని చెప్పుకొచ్చాడు. గొంతు ముందటిలా లేదు. రెండు మాటలకు ఒకసారి ఆగాల్సి వచ్చేది. అయినా గదిలో మిగతావాళ్ళు కూడా చెవులు రిక్కించేవారు.

పాత ఏడుపు సినిమాలు అతనికి నచ్చవు. వాటిలో జబ్బు మనిషి ఒకసారి దగ్గి, ఒక పాట పాడి, అందరినీ ఒకరి చేతుల్లో ఒకరిని పెట్టి చచ్చిపోతుంది. బస్సు కోసం నిలబడదు, చీటీ మీద సంతకం కోసం వరసలో కూర్చోదు. జబ్బంటే ఎదురుచూడడమేనని తీసినవాళ్ళకు తెలియదంటాడు. సీమ బొమ్మలంటే ఇంకా చిరాకు. అతని మేనమామను నిజంగానే ఊరి తగువులో పొడిచి చంపారు. తిప్పేష్ తల్లి పదకొండేళ్ళు కోర్టుకు తిరిగింది. సాక్షి ముసలివాడై చచ్చిపోయాడు, కేసు కొట్టేశారు. ఆ పదకొండేళ్ళూ ఏ బొమ్మలోనూ లేవు, మూడు గంటల్లోనే పగ తీరిపోతుంది. అలాంటి బొమ్మలకే తను అన్నిటికంటే గట్టిగా అరిచానని చెప్పి ఊరుకునేవాడు.

కొత్త సినిమాలను మాత్రం పూర్తిగా కొట్టిపారేసేవాడు కాదు. ఇప్పటి పిల్లలు పక్కింటి మనుషుల్లా మాట్లాడతారని, పాతకాలంలో హీరోలు మనవళ్ళున్న వయసులో కాలేజీకి పోయేవారని ఒప్పుకునేవాడు. కానీ హీరో నడిచి రావడానికే పావుగంట పడుతుందనీ, ఆ చప్పుడంతా చెవులకే గాని మనసుకు కాదనీ అనేవాడు. పద్మజ ఒప్పుకునేది కాదు. ఇంట్లో చప్పుడు లేనివాళ్ళకు ఆ చప్పుడే బాగుంటుందనేది.

వాన సినిమా గురించి చెప్పినప్పుడు మాత్రం ఎవరూ అడ్డు రాలేదు. వరుసగా మూడేళ్ళు వానల్లేని కాలంలో ఒక బొమ్మ వచ్చింది. కథేమీ లేదు. చివర్లో పావుగంట సేపు వాన కురుస్తుంది, అంతే. తిప్పేష్ మొదటిరోజే చూసి, ఆటోలో కూర్చుని, రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, బొమ్మలో శానా వాన ఉండాది, వచ్చి చూడండప్పా అన్నాడు. ట్రాక్టర్లెక్కి వచ్చారు. ముసలి రైతులు ఆఖరి పావుగంట కోసం మొత్తం బొమ్మ ఓపిక పట్టి, వాన రాగానే ఈల కూడా వేయకుండా చూశారు. అది విన్న రోజు గదిలో ఎనిమిది మందీ పెదాలు తడుపుకున్నారు. డయాలసిస్ మనుషులకు రోజుకు ముప్పావు లీటరు కంటే ఎక్కువ నీళ్ళు తాగకూడదు.

పద్మజ తల్లికి చక్కెర జబ్బు. ఆమె కిడ్నీ పనికిరాదన్నారు. తమ్ముడు సురేంద్ర ఇస్తానన్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు, గుత్తి ఆరెస్ రోడ్డులో బైకు మెకానిక్కు. రక్తం కలిసింది, పరీక్షలన్నీ సరిపోయాయి. పద్మజ ఆ కబురు చెప్పిన రోజు టెక్నీషియన్ కృపాకుమారి గదంతా చాక్లెట్లు పంచింది. కృపాకుమారి చర్చిలో పాటలు పాడుతుంది. ఆ రోజు సూదులు పెడుతూ కూడా సన్నగా పాడింది.

ఆ వారంలోనే, శనివారం, టీవీలో అక్కాతమ్ముళ్ళ బొమ్మ వచ్చింది. తిప్పేష్ ఒకప్పుడు ముప్పై ఊళ్ళలో పొగిడిన బొమ్మే. చివర్లో తమ్ముడు పరుగున వచ్చి, నా కిడ్నీ తీసుకోండి డాక్టర్ అంటాడు. ఆపరేషను గది తలుపు మూసుకుంటుంది, ఎర్ర బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. మరుక్షణం ఇద్దరూ నవ్వుతూ ఇంటికి వస్తారు. గదిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. పద్మజ వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, ఇది కూడా బాగాలేదంటావా అన్నా అని అడిగింది.

తిప్పేష్‌కు ఆ రోజు ఒళ్ళంతా లాగేస్తోంది. మిషను ఎక్కువ నీరు తీసింది. కాళ్ళు పట్టేస్తున్నాయి. ఆలోచించకుండా అనేశాడు.

"అబద్దం బొమ్మ పాపా అది. ఆ తమ్మునికి పెండ్లాం లేదు, పని లేదు, భయం లేదు. అట్లాంటోడు యాడుంటాడు?"

పద్మజ ఏడుపు ఆగిపోయింది. అతని వైపు ఒకసారి చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. కృపాకుమారి టీవీ ఆపేసింది. కాసేపటికి తిప్పేష్, నేను బొమ్మ గురించి అన్నా, మీవోని గురించి కాదు అని గొణిగాడు. తర్వాతి మంగళవారం పద్మజ కృపాకుమారిని అడిగి కిటికీ పక్క మంచానికి మారింది.

మూడు వారాలు గడిచాయి. ఆపరేషనుకు ముందు పెద్ద డాక్టర్ల కమిటీ ముందుకు ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ఇద్దరూ రావాలి, ఇష్టపూర్వకంగానే ఇస్తున్నానని సంతకం పెట్టాలి. ఆ రోజు పద్మజ తల్లితో కలిసి ముందు పోయింది. సురేంద్ర షెడ్డుకు తాళం వేసి వెనకాలే వస్తానన్నాడు. వాళ్ళు సాయంత్రం దాకా కూర్చున్నారు. ఫోను ఆపేసి ఉంది. కమిటీవాళ్ళు ఇంకో తేదీ రాసిచ్చారు. ఇదంతా తిప్పేష్‌కు కృపాకుమారి చెప్పింది. పద్మజ ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఇంట్లో తమ్ముడు ఆమె లేవకముందే పోయి, పడుకున్నాక వస్తున్నాడట.

తిప్పేష్ కిటికీ వైపు చూశాడు. పద్మజ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. చేతిలోకి ఎర్రటి గొట్టాలు రెండు పోతున్నాయి. ఫోను పక్కన పెట్టి ఉంది గాని అందులో ఏ బొమ్మా ఆడటం లేదు. తన నోటి మాట వల్లే ఇదంతా జరిగిందని అతను నమ్మలేదు. అయినా ఆ మాట అన్నది తనే.

శుక్రవారం నాడు గుత్తికి పోతానంటే ఈశ్వరి కోప్పడింది. వారంలో దొరికేవే నాలుగు రోజులు, వాటిలో ఒకటి బస్సుల పాలు చేసుకుంటావా అంది. తర్వాత ఆమే రెండు రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. దారి పొడవునా తిప్పేష్ ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ పోయాడు. అతనికది తెలిసిన పనే. జనాన్ని కదిలించడానికి ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలుసు. తల్లి గురించి మొదలుపెట్టి, చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన అక్క గురించి చెప్పి, చివరికి ప్రాణదానం దగ్గరికి వస్తే ఆ కుర్రవాడు తట్టుకోలేడు. ఇంతకంటే పనికిరాని బొమ్మలకు ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చాయి.

ఆరెస్ రోడ్డులో దిగి అడుగుతూ పోయాడు. ఎండ మొహాన కొడుతోంది. వెనక కోట కొండ వేడికి మసకగా కనిపిస్తోంది. షెడ్డు చేరేసరికి అతనికి ఆయాసం వచ్చింది. సురేంద్ర ఒక బండి చక్రం విప్పుతున్నాడు. తిప్పేష్ తనెవరో చెప్పకముందే అతని చేతి మీద డయాలసిస్ సూదులకు ఉబ్బిన నరాలు చూశాడు. అక్క చేతికీ అలాగే ఉంటాయి. లేచి స్టూలు వేశాడు. సినిమా అన్న నువ్వేనా అని అడిగాడు. అక్కాతమ్ముళ్ళ బొమ్మ మీద గొడవ అయిందని కూడా అక్క చెప్పిందన్నాడు.

తిప్పేష్ మాట మొదలుపెట్టబోయాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడు చూశాడు, ఆ కుర్రవాడు గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకుంటూ, తెలియకుండానే ఎడమ పక్క నడుమును పట్టుకున్నాడు. కోత పడే చోటు అది. ఎవరో అక్కడ గీత గీసి చూపించి ఉంటారు. కూర్చుకుని వచ్చిన మాటలన్నీ తిప్పేష్ నోట్లోనే ఆగిపోయాయి.

"భయమా అప్పా?" అన్నాడు.

సురేంద్ర విప్పిన చక్రాన్ని గోడకు ఆనించాడు.

"మా ఆడమనిషికి ఇప్పుడు ఆరో నెల. ఆయమ్మ వద్దనలేదు. ఎవరూ వద్దనలేదు. నాకే ఆ బల్ల మీద పండుకోవల్లంటే కాళ్ళు వణుకుతాండాయి. ఆ పొద్దు బస్టాండు దాకా పోయినా అన్నా. బస్సు వచ్చె, నిలబడె, పోయె. నేనాడే ఉండిపోయినా." తిప్పేష్ వైపు తిరిగాడు. "నువ్వు ఇయ్యమని చెప్పడానికే వచ్చినావు గదా?"

"దానికే వచ్చినా."

"అయితే చెప్పు. చెప్తే ఇస్తానేమో."

తిప్పేష్ చెప్పగలడు. ఇంకో రెండు మాటలు సరైన గొంతుతో అంటే చాలని అతనికి అర్థమైంది. ఈ కుర్రవాడు సంతకం పెడతాడు. పద్మజకు మంచి జరుగుతుంది. నోటి దాకా వచ్చిన మాట అతనికి ఎన్నడూ ఇంత బరువుగా అనిపించలేదు. బల్ల మీద పడుకునేది తను కాదు.

"నేను శానా అబద్దాలు చెప్పినానప్పా, మైకులో. ఇప్పుడు చాతగాదు. ఇచ్చేది, ఇయ్యకపోయేది నీ ఇష్టం. కానీ ఆయమ్మిని ఎదురుచూడనీయాకు. మాకు ఎదురుచూడనీకి ఇంగ ఓపిక లేదు. ఏదైనా సరే, ఎదురుగా పోయి చెప్పు."

సురేంద్ర టీ తెప్పించాడు. నీళ్ళ లెక్క గుర్తొచ్చి తిప్పేష్ రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టాడు. సురేంద్ర బండి మీద బస్టాండుకు తెచ్చి దించాడు. ఇల్లు చేరాక ఈశ్వరి ఏమైందని అడిగితే, ఏమీ కాలేదన్నాడు. చెప్పులు కూడా విడవకుండా మంచం మీద వాలిపోయాడు.

మరునాడు శనివారం. మిషను పెట్టి గంటయింది. తలుపు దగ్గర సురేంద్ర కనిపించాడు. చెప్పులు బయట విడిచి, కృపాకుమారి ఇచ్చిన మాస్కు కట్టుకుని, గొట్టాలను తాకకుండా జాగ్రత్తగా పోయి అక్క మంచం పక్కన నిలబడ్డాడు. అంతవరకూ అతను ఆ గదిలోకి రాలేదు. అక్క రక్తం గొట్టంలో తిరగడం చూస్తూ మంచం పట్టీ పట్టుకున్నాడు. గదిలో ఎవరికి వాళ్ళు ఇంకోవైపు చూశారు. అయినా ఆ చిన్న గదిలో అన్ని మాటలూ అందరికీ వినిపించాయి.

తను చేయలేనని చెప్పాడు. రెండో తేదీకి కూడా రాలేనన్నాడు. తనకు భయమనీ, అది పోవడం లేదనీ, పోతుందేమోనని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాననీ చెప్పాడు. చెప్తూ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"నాకు తెలుసురా," అంది పద్మజ. "ఆ పొద్దు కమిటీ కాడ మూడు గంటలకే తెలిసిపాయ."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఇస్తానంటావని."

సురేంద్ర తల మంచం పట్టీకి ఆనించాడు. పద్మజ సూదులు లేని చేతిని అతని తల మీద వేసింది. తర్వాత ఆ చేతిని తీసేసింది.

"కోపం లేదని చెప్పను. ఉండాది. కొన్నాళ్ళు ఉంటాది. మొగం తప్పించి తిరగొద్దు. ఇంట్లో అన్నం తినేటప్పుడు నా ఎదురుగా కూర్చో, అంతే."

అతను మిషను ఆగేదాకా అక్కడే ఉన్నాడు. సూదులు తీశాక రక్తం ఆగేలా దూది నొక్కి పట్టుకోవాలి. ఆ పని కృపాకుమారి అతనికి నేర్పింది. పది నిమిషాలు వేలు కదపకుండా పట్టుకున్నాడు. అక్కను బస్టాండుకు తీసుకుపోయాడు.

మంగళవారం పద్మజ తిప్పేష్ పక్క మంచానికి తిరిగి వచ్చింది. ఆమె మొహం వాచి ఉంది. ఏడ్చినందుకో, నీళ్ళు ఎక్కువ తాగినందుకో తెలియదు. రెండూ కావచ్చు. సూదులు పెట్టించుకున్నాక అడిగింది, మా వోని దగ్గరికి పోయినావంట గదా అని. పోయినానన్నాడు తిప్పేష్. ఇయ్యమని అడగడానికే పోయినాను గాని నోరు రాలేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. నోరు వచ్చి ఉంటే నీకు బాగయ్యేదేమో అని కూడా అన్నాడు. ఆ మాట నాలుగు రోజులుగా అతన్ని తింటోంది.

పద్మజ మొహం అతని వైపు తిప్పింది. మిషను గుడగుడమంటూ తిరుగుతోంది. అట్ల అడిగి తీసుకునుంటే ప్రతిపొద్దూ వాని నడుం చూసుకుంటా బతకాల్సి వచ్చేది అన్నా, అంది. అది నిజమో, తనను తాను ఊరడించుకోవడానికి అన్నదో తిప్పేష్ అడగలేదు.

చనిపోయినవాళ్ళ అవయవాలు ఇచ్చే సర్కారు జాబితాలో ఆమె పేరు ఎక్కించారు. ముందు చాలామంది ఉన్నారు. తిప్పేష్ పేరు కూడా పద్మజే దరఖాస్తు నింపి ఎక్కించింది. అతను వద్దన్నాడు, తన వయసుకు ఎందుకన్నాడు. ఈశ్వరి ఫోన్‌లో అరిచాక సంతకం పెట్టాడు.

ఎండలు ముదిరాయి. సురేంద్రకు కూతురు పుట్టింది. పద్మజ ఫోన్‌లో ఆ పాప ఫొటోలు ఎక్కువయ్యాయి, సినిమాలు తగ్గాయి. మంగళ, గురు, శనివారాలు అలాగే వచ్చి పోతున్నాయి. మధ్యలో ఒక గురువారం పద్మజ మంచం ఖాళీగా కనిపించింది. తొమ్మిది దాటినా రాలేదు. ఆ గదిలో మంచం ఖాళీ అయితే ఎవరూ గట్టిగా మాట్లాడరు. తిప్పేష్ తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. పదిన్నరకు ఆమె వచ్చింది. పామిడి దగ్గర బస్సు చెడిపోయిందనీ, గంటన్నర ఎండలో రోడ్డు మీద నిలబడ్డామనీ చెప్పింది. చెప్తూనే మంచం మీద వాలింది. కృపాకుమారి సూదులు పెట్టేలోపే నిద్రపోయింది.

టీవీలో ఏదో కొత్త బొమ్మలో హీరో నడిచి వస్తున్నాడు, డప్పులు మోగుతున్నాయి. తిప్పేష్ సూదులు లేని చేతిని చాచి రిమోటు అందుకుని, చప్పుడు తగ్గించాడు. పూర్తిగా కట్టేయలేదు. నిద్రలేస్తే కథ యాడిదాకా వచ్చిందని ఆమె అడుగుతుంది. అందుకని ఇష్టం లేకపోయినా, కళ్ళు మూతలు పడుతున్నా, ఆ బొమ్మను చూస్తూ ఉన్నాడు.